రక్తం పల్చన చేసే గోలీ

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేశాను. రిటైరైన తరువాత తలలో నరం ఉబ్బి పగిలింది. దానికి ఒకసారి కాదు, రెండుసార్లు వైద్యానికని పేషెంటుగా మంచం ఎక్కాను. మంచం పక్కన నిలబడటం, మంచం మీద పడుకోవడం, ఈ రెండింటిలో ఏది కష్టమని ఎవరైనా అడిగితే పడుకోవడమే కష్టమంటాను. అన్నేళ్లు మంచం పక్కన నిలబడి నేర్చుకోనిది మంచం మీద పడుకుని నేర్చుకున్నాను.

ఈమధ్య దవాఖానలో కాంట్రాక్టు మీద కొత్త ఆయాలను తీసుకున్నారు. అందులో ఇద్దరు మా వాడకట్టు ఆడపిల్లలే. "పెద్దమ్మా, పని ఎట్ల చెయ్యాల్నో జర చెప్పరాదు" అని వచ్చారు. నోటితో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు మా మనవరాలు దిద్దింది. మాటలు కూడా దిద్దబోతే చేతి మీద ఒకటి వేశాను.

దవాఖాన పేరు, ఊరి పేరు రాయను. నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు. కరీంనగర్‌కు బస్సులో రెండు గంటల దూరమనుకోండి, చాలు.

పేరు తెచ్చిన తిప్పలు

నా పేరు నర్సవ్వ. మా ఇంటి దేవుడు నరసింహస్వామి కాబట్టి ఆ పేరు పెట్టారు. దవాఖానలో చేరాక ఆ పేరే నాకు చేటు తెచ్చింది. ఎవరో "నర్సవ్వా" అని పిలిస్తే పేషెంట్లు విని నన్ను నర్సు అనుకునేవారు. "నర్సమ్మా, నర్సమ్మా" అంటూ చుట్టూ తిరిగేవారు. నేను కాదని చెప్పలేదు. చీపురు పట్టిన మనిషికి ఆ పిలుపు తియ్యగానే ఉంటుంది.

ఒక రోజు ఒక బాలింత గోలీ చేతిలో పట్టుకుని అడిగింది. "నర్సమ్మా, గిది బువ్వకు ముందా ఎన్కనా?"

"ముందే" అన్నాను. నాకేమీ తెలియదు. తెలియదనడం నామోషీ అనిపించింది.

వెనుక హెడ్ సిస్టర్ సుగుణమ్మ నిలబడి ఉంది. బక్కపలుచని మనిషి, గొంతు మాత్రం వరండా చివరి దాకా వినిపించేది.

"నీకెవరు చెప్పిండ్రు ముందని?"

"గట్లనే ఉంటది గద సిస్టర్."

"నువ్వు నర్సవ్వవు, నర్సువు గాదు. తెల్వకుంటే తెల్వదను. నోరేం అరిగిపోదు."

పదిమందిలో అన్నదని ఆమెతో నెల రోజులు ముక్తసరిగా మాట్లాడాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ నెల నేను దండగ చేసుకున్న నెల. మీకు కూడా అట్లాంటి పై అధికారి దొరికితే అలగకండి.

ఆయా పని ఏమిటని బయట అడిగితే ఊడ్చడం, తుడవడం, లేవలేనివాళ్లకు మలమూత్రాల పాన్ పెట్టడం, బండి తొయ్యడం అని చెబుతారు. అది చేతుల పని. ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. చేతుల పనిలో నేను గట్టిదాన్నే. పాత దుప్పట్లు చింపి ఉడకబెట్టి గుడ్డలు చేసేదాన్ని. సబ్బు ముక్కలు కలిపి ముద్ద చేసేదాన్ని. కానీ ఒకసారి ఫినాయిల్‌లో నీళ్లు రెండింతలు పోసి నెలాఖరు దాకా లాగాను. వాసన బాగానే వచ్చింది. వార్డులోవాళ్ల పుండ్లలో చీము మాత్రం ఆగలేదు. సుగుణమ్మ సిస్టర్ సీసా మూత తీసి వాసన చూసి నా మొఖం చూసింది, అంతే. పొదుపు మంచిదే. దవాఖానలో ఎక్కడ పొదుపు చేయాలో మనసొక్కటే చెబితే వినకూడదు, పైవాళ్లను అడగాలి. ఇది నాకు అప్పుడే అర్థమైందనుకున్నాను. కాలేదు.

అసలు పని చెవులది. డాక్టరు ఒక మాట అంటాడు, పేషెంటుకు ఇంకొకటి వినిపిస్తుంది. ఆ రెండూ వినగలిగేది ఆయా ఒక్కతే.

"తినలే"

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజు. ఇరవై మంది దాకా ఆడవాళ్లు వరండాలో చాపల మీద కూర్చున్నారు. పరగడుపున ఉన్నారో లేదో అడిగి లోపలికి పంపే పని నాకు అప్పగించారు.

"ఏమన్న తిన్నవా?"

"తినలే."

"నువ్వు?"

"తినలే అవ్వా."

వరుసగా అందరినీ అడిగాను, అందరినీ పంపాను. అందులో ఒకామె బల్ల మీద మత్తు సూది ఇచ్చిన తరువాత కక్కింది. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి పోయేదే. డాక్టరు ఆమెను చప్పున పక్కకు తిప్పి గొంతులోది తీశాడు. బతికింది. అయినా రెండు రోజులు దగ్గు, జ్వరం తగ్గలేదు.

మరునాడు నేను ఆమె మీద లేచాను. "అబద్ధం చెప్తవా? సచ్చిపోతే ఎవరి పానం మీదికొస్తుండె?"

ఆమె ఏడ్చుకుంటూ అన్నది. "అబద్ధం ఎందుకు చెప్త అవ్వా. తినలే. అంబలి తాగి వచ్చిన."

మా వైపు తినడమంటే బువ్వ తినడమే. అంబలి, చాయ్, చాయ్‌లో ముంచిన బన్ను తిండి కిందికి రావు. ఆమె అబద్ధం చెప్పలేదు, నేనే సరిగా అడగలేదు. సుగుణమ్మ సిస్టర్ ఆ రోజు నన్ను తిట్టలేదు. "అవును, కాదు అనే ప్రశ్న అడుగకు. పొద్దుగాల లేచినప్పటి సంది ఏమేం చేసినవో చెప్పు బిడ్డా అని అడుగు. అన్నీ అవే బయటికొస్తయి" అన్నది.

అది అక్షరాలా నిజం. "లేచిన, పండ్లు తోముకున్న, బర్రెకు గడ్డేసిన, అత్త చాయ్ ఇచ్చింది..." ఇక్కడ ఆపాలి. అంత ఓపిక మీకు ఉండాలి. వరండాలో ఇరవై మంది ఉన్నా ఉండాలి.

దాచిన గోలీలు

గర్భిణులకు రక్తం పెరగడానికి గోలీలు ఇస్తాం. మింగరు. చూరులో దోపుతారు, గడ్డివాములో పడేస్తారు. నేను కంటి రెప్ప కిందికి లాగి చూసి "రక్తం నీళ్లోలె పల్చగైంది. మనిషికి రక్తం చిక్కగుండాలె. పల్చగైతే బలమేడుంటది?" అని ఎన్ని వందల మందిని తిట్టానో లెక్కలేదు. ఆకుకూరలు తిను, బెల్లం తిను, రక్తం చిక్కబడుతుంది. ఆ మాట నా నోట్లో పాటలాగా నడిచేది.

ఒక పిల్ల, రెండో కాన్పు, కొంచెం మాటకారి, నవ్వి అన్నది. "మింగితే నల్లపిల్ల పుడతదని మా అత్త మింగనియ్యదు. మింగలే అంటె నువ్వు మొత్తుకుంటవు. అందుకే మింగిన అంటం నర్సమ్మా. అత్త సుత ఖుష్, నువ్వు సుత ఖుష్."

నాకు ఒళ్లు మండింది. మరింత తిట్టాను. అంత తేటగా చెప్పినా వినలేదు. తిట్టేవాళ్ల దగ్గర ఎవరూ నిజం పెట్టుకోరని అర్థం కావడానికి నాకు నా తల పగలవలసి వచ్చింది.

రోకలి దెబ్బ

రిటైరై మూడేళ్లు. పొద్దున వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను. తల వెనుక ఎవరో రోకలితో కొట్టినట్టయింది. ఎవరని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. తరువాత కక్కు, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం.

ఇంట్లో నా కోడలు సరిత, మనవరాలు ఉంటారు. కొడుకు మల్లేశం మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. సరిత పరుగెత్తుకుంటూ వచ్చింది.

"తలకు బామ్ రాయి, పండుకుంట" అన్నాను.

"బామ్ లేదు, గీమ్ లేదు. మాట ముద్దగొస్తుంది నీకు. లే అత్తమ్మా" అని ఆటో పిలిపించింది. పదో తరగతి చదివిన పిల్ల. ఆ రోజు నా మాట విని ఉంటే నేనీ రాత రాసేదాన్ని కాదు.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన. హైదరాబాద్ నుంచి పది పన్నెండు రోజులకొకసారి ఒక డాక్టరు ఇలాంటి కేసులు చూడటానికి వస్తాడు. నా అదృష్టం, ఆ రోజు ఉన్నాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పాత సైకిల్ ట్యూబు ఒకచోట పల్చబడి బుగ్గ లేచినట్టు, తలలో నరం గోడ పల్చబడి ఉబ్బింది, చిల్లిపడి కొంచెం రక్తం కారింది. తల కొయ్యకుండా తొడ మూల నుంచి సన్నటి గొట్టం పైకి పంపి, ఆ బుగ్గలో వెంట్రుకంత తీగను ఉండలాగా చుట్టి నింపాడు. మూడు వారాలకు ఇంటికి వచ్చాను. బాగానే లేచాను.

ఆరు నెలలకు మళ్లీ తల లోపలి ఫోటో తీశారు. తీగ ఉండ లోపలికి అణిగింది, బుగ్గ మూతి దగ్గర మళ్లీ రక్తం చేరుతోంది అన్నాడు.

"అంటే అప్పుడు మంచిగ చెయ్యలేదా సారూ?" అన్నాను. సరిత నా చెయ్యి గిల్లింది.

డాక్టరు కోపం చేసుకోలేదు. "మంచిగనే చేశామమ్మా. కొందరికి ఇలా అవుతుంది. అందుకే ఆరు నెలలకు చూసేది. ఈసారి నరంలో వలలాగా అల్లిన చిన్న జాలీ గొట్టం పెట్టి, మూతి గట్టి చేస్తాం. లేకపోతే మళ్లీ పగలొచ్చు."

మొదటిసారి నాకు భయం తెలియలేదు, స్పృహ సగమే ఉంది. రెండోసారి అంతా తెలిసే బల్ల ఎక్కాలి. కొత్త పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. రెండోసారి వచ్చిన పేషెంటును "నీకు అలవాటే గద" అని ఎప్పుడూ అనకండి.

ఒక పనికి ఇద్దరా

ఆపరేషన్‌కు వారం ముందు నుంచి రెండు రకాల గోలీలు రోజూ వేసుకోవాలన్నారు. సరిత చీటీ చూసి చెప్పింది.

"అన్నం తిన్నంక రెండు. ఒక్క రోజు గూడ తప్పద్దట."

"దేనికి?"

"రక్తం పల్చగ అయేటందుకట."

"రెండూ గందుకేనా?"

"రెండూ గందుకే."

"ఒక్క పనికి ఇద్దరు కూలోళ్లెందుకే?"

"నాకేమెరుక అత్తమ్మా. డాక్టరు రాసిండు, నువ్వు మింగు."

నా మనసులో నడిచిన ఆలోచన దాచకుండా రాస్తాను. నరం గోడ పల్చబడటమే నా రోగం. ఇక రక్తం కూడా పల్చన చేస్తే మనిషిలో మిగిలేదేమిటి? ముప్పై ఏళ్లు రక్తం చిక్కగుండాలని ఊరందరికీ చెప్పిన మనిషిని. ఆపరేషన్ అంటే బలం కావాలి గదా, ఉన్న బలం గోలీలతో తీసుకుని బల్ల ఎక్కుతారా? రోజు విడిచి రోజు ఒక్క గోలీ చాలనుకున్నాను. ఒకటి నమిలి నీళ్లు తాగేదాన్ని, మిగిలినవి కొంగుకు ముడివేసేదాన్ని. పారేయలేదు. వస్తువు పారేసే అలవాటు నాకు లేదు.

"ఏసుకున్నవా అత్తమ్మా?"

"ఏసుకున్న."

కొంగు ముడి

నా ఆపరేషన్ కోసం మల్లేశం ఇరవై రోజుల సెలవు పెట్టి వచ్చాడు. రెండేళ్లకొకసారి దొరికే సెలవు. కంపెనీవాళ్లతో కొట్లాడి ముందుకు జరిపించుకున్నాడు.

ముందు రోజు పొద్దున్నే దవాఖానలో చేర్చారు. చిన్న వయసు నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. "గోలీలు రోజూ వేసుకున్నారా అమ్మా?" అన్నది. "ఏసుకున్న" అన్నాను. టిక్కు పెట్టుకుని పోయింది. దవాఖానలో టిక్కు పడితే అది నిజమైపోతుంది. ఎన్ని టిక్కులు నా ఎదుట పడ్డాయో నాకు తెలుసు.

కాసేపటికి డాక్టరు వచ్చి మల్లేశంతో మాట్లాడాడు. నేను వింటూనే ఉన్నాను. "జాలీ పెట్టినప్పుడు ఆ గోలీల బలం ఉండాలి. లేకపోతే జాలీకి రక్తం గడ్డకట్టి నరం మూసుకుపోతుంది. ఈమెకు ఎడమ వైపు కాబట్టి కుడి చెయ్యి పడిపోవచ్చు, మాట పోవచ్చు. ప్రాణానికే ముప్పు రావచ్చు. గోలీలు సరిగా వేసుకున్నారు గదా, ఇక ఫరవాలేదు."

అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాను. మల్లేశం డాక్టరు చేతులు పట్టుకుని "ఇంక ఆరు రోజులే ఉన్నయి సారూ నాకు, మా అవ్వ లేచి కూసుంటే చూసి పోత" అన్నాడు. నోరు మూసుకున్నాను. నేను చెబితే ఆపరేషన్ ఆగుతుంది. డాక్టరు మళ్లీ పన్నెండు రోజులకు గానీ రాడు. నేను లేచి కూర్చోవడం కొడుకు చూడకుండానే పోవాలి. ఒక గోలీయన్నా వేసుకున్నాను గదా, ఎంతో కొంత పనిచేయదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

అక్కడి ఆయా పేరు లచ్చవ్వ. యాభై దాటిన మనిషి. నా చీర విప్పించి దవాఖాన గౌను తొడిగే ముందు కొంగు పట్టుకున్నది.

"గీ ముడి ఏంది? పైసలైతే కోడలికియ్యి. ఇక్కడ పోతే నా మీదికొస్తది."

"ఏం లేదు, విడువు."

ఆమె వేళ్లతో ముడిని నలిపి చూసింది. చేతికి తెలిసిపోయింది. తలుపు వైపు ఒకసారి చూసి మంచం అంచున కూర్చుంది. తిట్టలేదు.

"ఎన్ని మింగినవ్, ఎన్ని ముడేసినవ్ అక్కా?"

ఆ గొంతులో చాడీ లేదు, వెక్కిరింపు లేదు. అదే నన్ను విరగ్గొట్టింది. రోజు విడిచి రోజు ఒకటని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కొడుకు సెలవు సంగతి కూడా చెప్పాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆయా పని చేశానని కూడా నోరు జారాను.

"అగ్గో! ఆయా పని చేసినవా? ఇగ నువ్వు దాసిపెట్టిన గోలీలు పట్టినందుకు నాకు ఇనాం ఇయ్యాలె" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి అన్నది. "చూడక్కా. నేను పోయి చెప్తె నీ మీద చెప్పినట్టయితది. నువ్వు చెప్తె నీ మాట ఉంటది. నేను గౌను తెచ్చేదాక నీకు టైము. తెచ్చినంక గూడ నువ్వు చెప్పకుంటే నేనే చెప్త. నీ కొడుకు సెలవు కోసం నిన్ను బల్ల మీదికి పంపితే నాకు బువ్వ దిగది."

గౌను తేవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆమె కావాలనే ఆలస్యం చేసిందని కూడా తెలుసు. తలుపు సందులోంచి మల్లేశం కనిపిస్తున్నాడు. సరితతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. రెండేళ్లలో వెంట్రుకలు పల్చబడ్డాయి వాడికి. నా మాట పోతే వాడిని పిలవడానికి నాకు ఏముంటుంది? ఆ ఆలోచన వచ్చాక ఇక ఆగలేదు.

"మల్లేశం, ఇటు రా. సారును పిలువు."

కొంగు ముడి విప్పి దుప్పటి మీద పోశాను. వాడు ఆ గోలీలను చూసి, నన్ను చూశాడు.

"ఏందవ్వా ఇది?"

"మింగలే."

"మింగిన అన్నవ్ గద! సరితకు చెప్పినవ్, నర్సుకు చెప్పినవ్, నాకు చెప్పినవ్!"

"అబద్ధం చెప్పిన."

నా జీవితంలో ఆ మాట నా కొడుకుతో మొదటిసారి అన్నాను. వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సరిత గోలీలు ఒక్కొక్కటి ఏరుకుంది.

డాక్టరు వచ్చాడు. రక్తం తీసి పరీక్షకు పంపాడు. గోలీల బలం ఎక్కలేదని తేలింది. ఆపరేషన్ ఆపేశాడు. మొఖం గంభీరంగా ఉన్నా గొంతు పెంచలేదు.

"ఎందుకు వేసుకోలేదమ్మా?"

"రక్తం పల్చగైతే బలమెట్లుంటది సారూ? నరం పల్చబడే గద నాకీ రోగమొచ్చింది."

 ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పల్చన కాదమ్మా. అది మేము అలవాటుగా అనే మాట. రక్తం అట్లాగే ఉంటుంది, బలం ఎక్కడికీ పోదు. గడ్డకట్టకుండా చేస్తుంది, అంతే. గడ్డకట్టే దారుల్లో ఒక గోలీ ఒకటి మూస్తుంది, రెండోది రెండో దారి మూస్తుంది. అందుకే రెండు."

"గట్లని ముందుగాల చెప్తె మింగుదును గద సారూ. గడ్డకట్టకుండ చేసే గోలీ అనుండ్రి. పల్చగ అంటె మా ఆడోళ్లెవ్వరూ మింగరు."

"సరే, అట్లాగే అంటాను" అన్నాడు. తప్పు నాదే, ఆయనది కాదు. కానీ మాట ఎక్కడ తెగిందో ఆ రోజు ఇద్దరం చూశాం.

పన్నెండు రోజులు

తలలో బుగ్గ పెట్టుకుని ఇంటికి వచ్చాను. బరువు ఎత్తవద్దు, దొడ్డికి పోయినప్పుడు ముక్కవద్దు, కోపం తెచ్చుకోవద్దు అన్నారు. మొదటి రెండూ పాటించాను. సరిత రెండు గోలీలు అరచేతిలో పోసి, మింగాక "నాలిక చూపియ్యి" అనేది. చూపించాను. మా మనవరాలు నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తేది.

మల్లేశం ఆ ఆరు రోజులూ నాతో పెద్దగా మాట్లాడలేదు. బయలుదేరే పూట, వ్యాను వాకిట్లో నిలబడ్డాక, నా దగ్గర కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పినవని గాదవ్వా నా కోపం. నా సెలవు కోసం సావనీకి తయారైతివి. సెలవు పోతే మళ్లొస్తది. నీ నోరు పోతే నేను యాడ కెల్లి తేవాలె? ఆ నోటితోని తిట్టి తిట్టే గద నన్ను ఇంతోన్ని చేసినవ్."

"పో, వ్యాను ఆగది" అన్నాను.  వాడు నా ఆపరేషన్ చూడకుండానే పోయాడు. నా తెలివితక్కువకు పడిన శిక్ష అది. నాకే కాదు, వాడికి కూడా పడింది.

వెల్లకిలా

రెండోసారి పని సాఫీగా అయిందన్నారు. నాకు తెలిసింది మత్తు విడిచిన తరువాతి సంగతే. ఎవరో "పేరు చెప్పమ్మా" అంటున్నారు. నాలుక మందంగా, పరాయిదానిలాగా ఉంది. భయంతో ఒక క్షణం చెప్పలేకపోయాను. తరువాత "నర్సవ్వ" అన్నాను. "కుడి చెయ్యి ఎత్తు." ఎత్తాను. "నా వేళ్లు పిసుకు." పిసికాను. డాక్టరు "అమ్మా, చాలు, విరుగుతాయి" అన్నాడు. బయట సరిత ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ తరువాత కాలు కదపకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. లచ్చవ్వ పాన్ తెచ్చింది. పెట్టే ముందు వేడి నీళ్లు పోసి, తుడిచి, అరచేత్తో తాకి చూసి పెట్టింది. నేను ముప్పై ఒక్క ఏళ్లు చల్లటి పాన్ పెట్టాను. నొప్పితో పడుకున్న మనిషికి ఆ చల్లదనం ఎట్లా ఉంటుందో నాకెవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు. ఎన్ని వందల మంది ఆడవాళ్లు పళ్లు బిగపట్టారో. మీరు అట్లా చేయకండి. కొన్ని వేడి నీళ్లు దండగ కాదు.

ఇంటికి వచ్చాక అందరూ "మంచిగైనవ్" అన్నారు. బయటికి మంచిగానే ఉన్నాను. లోపల మాత్రం రెండు నెలలు నేను నేను కాదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేదాన్ని. తెలిసిన మాట నోటి చివరకు వచ్చి ఆగేది. పల్లెం అనబోయి "అదే, గుండ్రంది" అనేదాన్ని. కారణం లేకుండా ఏడుపొచ్చేది. నేను ఏడిచే మనిషిని కాదు. మా ఆయన పోయినప్పుడు కూడా పదిమంది ముందు ఏడవలేదు. గిన్నె జారిపడితే ఏడిచాను. పొద్దెక్కే సరికి అలసిపోయి చాప మీద వాలేదాన్ని. సరిత ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "నిదానంగా రానీ అత్తమ్మా" అని పక్క గదిలోకి పోయి తన పని చేసుకునేది. ఎదురుగా నిలబడి జాలిపడితే నేను ఓర్చుకునేదాన్ని కాదని ఆ పిల్లకు తెలుసు. డిశ్చార్జి రోజున "అంతా నార్మల్, ఇక ఫికర్ లేదు" అని మీరు కూడా చెబుతారు. దానికి ఇంకో ముక్క కలపండి. ఇంటికి పోయాక కొన్నాళ్లు ఇట్లా ఉంటుంది, పిచ్చి పట్టిందని పరేషాన్ కావద్దని చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు. పిచ్చి పట్టిందనే అనుకున్నాను.

గోలీల వల్ల చిన్న దెబ్బకే చర్మం నీలంగా కమిలేది. ఎదురింటి ఆమె చూసి "రక్తం ఇరిగిపోతుంది, ఆ గోలీలు బంద్ పెట్టు వదినా" అన్నది. ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, అవి ఎందుకో మొదటి నుంచి చెప్పాను. తిట్టకుండా చెప్పాను. అలవాటు లేని పని కాబట్టి చాలాసేపు పట్టింది.

ఇక మీకు నేను చెప్పదలచింది ఒకటే. దవాఖానలో ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు అబద్ధం చెబుతుంది. తెలివి లేక చెబుతుందని ముప్పై ఏళ్లు నమ్మాను. కాదు. అత్త కోసం, మొగడి కూలి పోతుందని, కొడుకు సెలవు పోతుందని చెబుతుంది. ఎవరి కోసం చెబుతుందో తెలుసుకోండి. తెలిశాక దాచకండి. ఆమె చెప్పడానికి కొంచెం టైము ఇచ్చి, అయినా చెప్పకపోతే మీరే చెప్పండి.

మొన్న మళ్లీ ఫోటో తీశారు. మూతి మూసుకుంది. బుగ్గలోకి రక్తం పోవడం లేదు. డాక్టరు ఒక గోలీ ఆపేయమన్నాడు, రెండోది ఎప్పటికీ వేసుకోవాలన్నాడు. ఏది ఆపాలో సరిత ముందు చేతిలో పెట్టి చూపించమన్నాను. చూపించాడు.

మల్లేశానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, క్రేన్ మీద ఉన్నాడు. మనవరాలు ఫోన్ నోటి దగ్గర పెట్టి "నొక్కి పట్టి మాట్లాడు నానమ్మా, నీ మాట రికార్డయి నాయినకు పోతది" అన్నది. ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు. నొక్కి పట్టాను.

"మల్లేశం, నేను. ఫోటోల మంచిగొచ్చిందట. చెయ్యి మంచిగుంది. మాట మంచిగుంది, ఇంటున్నవ్ గద. నువ్వు టైముకు తిను. ఎండల నెత్తికి గుడ్డ కట్టుకో. ఇగ పెడుతున్న."

సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. దాన్ని పదిసార్లు విన్నానన్నాడు.

"పదిసార్లెందుకురా?" అన్నాను. "ఒక్కసారికే సమజయ్యేటట్టు చెప్పిన గద."

వాడు ఫోన్ పెట్టేయలేదు. నేను కూడా పెట్టేయలేదు.